ఆ ఇంటి ఆడవాళ్ళ మోకాలు

మా ఊరు గుల్వారాలో ఎవరినడిగినా చెప్తారు, గ్లెనిస్ ఇంటి ఆడవాళ్ళకు మోకాళ్ళు అచ్చిరావని. గ్లెనిస్ నలభై దాటగానే, ఎగిరి బంతి పట్టి రింగులో వేసే నెట్‌బాల్ ఆట మానేసింది. కారణం మోకాలు. ఆమె కూతురు బ్రాన్విన్ కిందటి సెప్టెంబరులో ఫైనల్ గెలిచిన మర్నాడే మానేసింది. ఆమెదీ మోకాలే. ఊరంతా అయ్యో అంది. క్లబ్బులో ఒకావిడ ఐసు సంచీ పంపింది, ఇంకొకాయన గుర్రాల కీళ్ళకు రాసే నూనె పంపాడు. బ్రాన్ భర్త డారిల్ ఆ నూనెను రోజూ పడుకునేముందు భక్తిగా పట్టించేవాడు.

నిజానికి ఆ మోకాలికి ఏ రోగమూ లేదు. గోధుమ లారీ మీదికి ఒక్క అంగలో ఎక్కగల మోకాలు అది.

ఫైనల్ చివరి నిమిషాల్లో బ్రాన్ గాల్లోకి ఎగిరి బంతి పట్టింది. ఆ పట్టుతోనే జట్టు గెలిచింది. కానీ కాళ్ళు నేలకు తగిలేసరికి ఆమెకు కింద తడిసిపోయింది. ఒక చుక్కా రెండు చుక్కలా కాదు, బాగానే. నల్ల గౌను కాబట్టి సరిపోయింది. చలికోటు నడుముకు కట్టుకుని కప్పు పట్టుకుని ఫోటోకి నిలబడింది. గెలిచిన సంతోషంలో అందరూ ఏడుస్తున్నారు గనక ఆమె ఎందుకేడుస్తోందని ఎవరూ అడగలేదు.

ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు. కూతురు ఇండి పుట్టినప్పటినుంచీ ఉంది. తుమ్మితే, పెద్దగా నవ్వితే, పిల్లలు గెంతే ట్రాంపొలీను ఎక్కితే. తుమ్మితే ఊడే ముక్కుని మనవాళ్ళు ఉంటేనేం ఊడితేనేం అంటారు గానీ, ఆమెకు ఊడేది ముక్కు కాదాయె. అందుకని నూరు ఉపాయాలు పన్నింది. మ్యాచ్ రోజు మంచినీళ్ళు ముట్టేది కాదు. ఇంట్లోంచి బయల్దేరేముందు ఒకసారి, దారిలో పెట్రోలు బంకులో ఒకసారి, మైదానం చేరగానే ఒకసారి, ఎందుకైనా మంచిదని వెళ్ళొచ్చేది. ఏ ఊరి మైదానంలో మరుగుదొడ్డి ఎక్కడుందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళవాళ్ళకే తెలియదు.

చెప్పుకోవచ్చు కదా అంటారా? ఆ మాట గుల్వారా వచ్చి అనండి. ఈననున్న గొర్రెకు లోపలి భాగం కిందికి జారితే దాన్ని ఎలా కడగాలో, ఎలా లోపలికి తొయ్యాలో, పట్టీ ఎలా బిగించాలో మా ఊరి ఆడవాళ్ళు టీ బల్ల దగ్గర జామ్ రాసిన స్కోన్ రొట్టెలు నములుతూ మాట్లాడుకుంటారు. పక్కనే పాస్టరుగారున్నా సరే. తమ సంగతికి వచ్చేసరికి మాత్రం అందరికీ మోకాలే.

ఆ అబద్ధంతోనే బ్రాన్ కాలక్షేపం చేసుకుపోయేది. అడ్డం వచ్చింది ఇండి. పదిహేడేళ్ళ ఇండికి రాబోయే సీజనుకి పెద్దల జట్టులో చోటు దొరికింది. అదీ తల్లి ఆడిన జట్టులో, తల్లి పక్క స్థానంలో. చిన్నప్పుడు ప్రతి శనివారం కోర్టు పక్కన బురదలో కూర్చుని, నేను పెద్దయ్యాక అమ్మా నేనూ కలిసి ఆడతాం అని దారినపోయేవాళ్ళందరికీ చెప్పిన పిల్ల అది. జట్టు పేర్లు వచ్చిన రోజు ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"ఒక్క ఏడాది ఆడమ్మా. ఒక్కటే. తరవాత నువ్వు కర్ర పట్టుకుని నడిచినా నేనేం అనను" అంది.

బ్రాన్ మోకాలు చూపించింది. ఇండి ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూశాక బ్రాన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కుంటుకుంటూనే టీ పెట్టడానికి వెళ్ళింది.

డారిల్ మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, చెప్పకుండా సాయం చేసేస్తారు. ఊరి ఆరోగ్యకేంద్రానికి బుధవారాల్లో కొత్తగా ఒక ఫిజియో వస్తోందని విని, వెళ్ళి భార్య పేరు రాయించి వచ్చాడు. ఏ ఫిజియో, ఏం చూస్తుంది అని అడగాలన్న ఆలోచన అతనికి రాలేదు. అతని దృష్టిలో ఫిజియో అంటే ఫిజియోనే, ట్రాక్టరు మెకానిక్కులాగా ఎక్కడ ఆగిపోయినా చూస్తాడు. వెళ్ళనంటే ఎందుకు అంటాడు, వెళ్తే దొరికిపోతుంది. బ్రాన్ అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి, వెళ్ళి కాసేపు కుంటి వస్తే పోలా అనుకుని బయల్దేరింది.

ఫిజియో పేరు ఎలెని. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చేతులు చల్లగా ఉన్నాయని ముందే క్షమాపణ చెప్పి మోకాలు అటూ ఇటూ వంచి చూసింది, నొక్కింది, ఒంటికాలి మీద నిలబెట్టింది.

"ఇది నా మోకాలికంటే బాగుందండీ. ఎప్పుడు నొప్పి పెడుతుంది?" అంది.

"ఎగిరినప్పుడు."

"మెట్లెక్కితే?"

"లేదు."

"పరిగెడితే?"

"కాస్త."

"తుమ్మితే?"

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే ఇదే. కానీ బ్రాన్ ఆలోచించకుండా జవాబు చెప్పేసింది. "అప్పుడే ఎక్కువ."

అన్నాక తెలిసింది ఏమన్నదో. తేలుకుట్టిన దొంగలా నేల చూసింది. ఎలెని నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, తుమ్మితే మోకాలు నొప్పెట్టేవాళ్ళు చాలామందే ఉంటారనీ, తను చూసేదే వాళ్ళననీ చెప్పింది.

"మూత్రం ఆగడం లేదు కదూ?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఇంకొకరి నోట వినడం బ్రాన్‌కు అదే మొదలు. అంత మామూలుగా, వానపడుతోంది కదూ అన్నట్టు. ఆమె ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది, ఆ నవ్వుకి మళ్ళీ కొంచెం తడిసింది. అది కూడా చెప్పేసింది. చెప్పాక ప్రాణం తేలిక పడింది.

ఎలెని విడమరిచి చెప్పింది. కటి అడుగున జోలె కట్టినట్టు కండరాలుంటాయి, పైనున్న భారమంతా అవే మోస్తాయి, కాన్పుల్లో సాగుతాయి, అలవాటు చేస్తే మళ్ళీ బలపడతాయి. కావాలంటే చేతితో లోపల పరీక్ష చేసి చూడొచ్చు, వద్దంటే మానెయ్యొచ్చు, మధ్యలో ఆపమన్నా ఆపేస్తాను అంది. బ్రాన్ అది ఇంకోసారికి వాయిదా వేసింది. సరే అని ఎలెని పొత్తికడుపు మీద స్కాను యంత్రం ఆనించి, తెర ఇటు తిప్పింది. తెరమీద నల్లగా ఒక సంచి.

"అదే మీ మూత్రాశయం. ఇప్పుడు కింద కండరాలు బిగించి పైకి లాగండి."

ఈ ఒక్క విద్యలో బ్రాన్‌కు తనమీద నమ్మకం ఉంది. ఇండి పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం చూసి నేర్చుకుంది. ఆమె బడి బస్సు నడుపుతుంది. ప్రతి స్టాపు దగ్గర పిల్లలు ఎక్కేలోపు ఊపిరి బిగబట్టి, పొట్ట రాయి చేసుకుని, ఇన్నేళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా ఆ కసరత్తు చేస్తోంది. ఇప్పుడూ అలాగే చేసింది. తెరమీద సంచి కిందికి జారింది.

"ఇంకోసారి" అంది ఎలెని.

ఇంకోసారీ కిందికే.

బావిలోంచి చేద పైకి తోడుతున్నాననుకుని ఇన్నేళ్ళూ కిందికే వదులుతోందన్నమాట. గుల్వారా పిల్లలు మూడు నాలుగు జట్లు బడి చదువు ముగించి వెళ్ళిపోయారు, ప్రతి స్టాపులోనూ బ్రాన్ తప్పు దిక్కుకి తోస్తూనే ఉంది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. ఆ కాగితం మీద కావచ్చు, కాగితం ఇచ్చి ఒక్కసారైనా సరిగ్గా చేస్తున్నావా అని అడగని లోకం మీద కావచ్చు. నాకైతే ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది.

"అందరూ ఇలాగే చేస్తారా?"

"చాలామంది. ఎవరూ చూసి చెప్పరు కదా. ఊపిరి బిగబట్టొద్దు. చర్చిలో పాట ఆగినప్పుడు గాలి పోకుండా ఎలా ఆపుకుంటారు? అలా బిగించి, మెల్లగా పైకి."

బ్రాన్‌కు ఆ చర్చి బాగా తెలుసు. బిగించింది. తెరమీద సంచి అడుగు చిటికెడంత పైకి లేచింది.

"అంతేనా?" అంది బ్రాన్.

"అంతే. ఇప్పుడు పూర్తిగా వదిలెయ్యండి. వదలడం రాకపోతే బిగించడమూ రాదు."

ఇంకో సంగతి కూడా ఎలెని కుండబద్దలు కొట్టింది. ఎందుకైనా మంచిదని వెళ్ళే అలవాటే మంచిది కాదంది. నిండకముందే ఖాళీ చేస్తూపోతే ఆ సంచికి కాస్త నిండగానే కంగారు పడటం అలవాటవుతుంది, కాబట్టి నీళ్ళు మామూలుగా తాగాలి, ఎడం కొంచెం కొంచెంగా పెంచాలి. తుమ్మేముందు, ఎగిరేముందు, దిగేముందు ఆ చిటికెడు పైకి లాగడం రావాలి. వేసవి పొడుగునా పని ఉంటుంది, సీజను మొదలయ్యేసరికి చూద్దాం, మాట మాత్రం ఇవ్వలేను అంది.

ఆ సాయంత్రం డారిల్ నూనె సీసా పట్టుకుని రాగానే బ్రాన్ అంతా చెప్పేసింది. అతను చాలాసేపు సీసావంక చూశాడు.

"మరి నేను రాసినదంతా?"

"మోకాలు నిగనిగలాడుతోంది."

"రెండు నెలలుగా ఆ కంపుకి నాకు నిద్రలేదు, తెలుసా?" అన్నాడు. తరవాత ఆమె భుజంమీద చెయ్యి వేసి, ముందే చెప్పి ఉండాల్సింది పిచ్చిదానా అన్నాడు. ఆమెకు అదే చాలనిపించింది.

ఇండికి మాత్రం చెప్పలేదు. ముందు బాగుచేసుకుని, మోకాలు తగ్గిపోయిందోచ్ అని ఒకరోజు హఠాత్తుగా కోర్టులో దిగిపోదామని ఆమె ఎత్తు. అదే ఆమె చేసిన తప్పు. మనసులో ఎంత మంచి ఎత్తున్నా ఎదుటివాళ్ళకు కనిపించేది అబద్ధమేగా.

ఏడాది చివర మొదలయ్యే మా వేసవి గడిచింది. ఎండుగడ్డి దుమ్ముకి ఊరంతా తుమ్ముతుంటే బ్రాన్ ప్రతి తుమ్మునూ పరీక్షలా రాసింది. కొన్ని పాసు, కొన్ని ఫెయిలు. మొదట్లో ఫెయిళ్ళే ఎక్కువ. లోపల పరీక్ష కూడా చేయించుకుంది, అనుకున్నంత భయంకరమేమీ కాదు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమే ఇంతకంటే కష్టమనిపించింది. బంకు దగ్గర ఆగకుండా బస్సు నడపడం నేర్చుకుంది. ఆ పెట్రోలు బంకు యజమాని, బ్రాన్ ఈమధ్య ఎందుకో అలిగిందని అందరితో అన్నాడట.

మార్చి మొదట్లో ఒక పొట్టేలు కంచె దాటి రోడ్డెక్కింది. బ్రాన్ బండి వెనకనుంచి ఎగిరి దూకి, కంచెమీంచి ఇంకో గెంతు గెంతి, పొట్టేలు కొమ్ములు పట్టి కూలేసింది. రెండు గెంతులు. రెండుసార్లూ ఆ చిటికెడు తనంతట తానే పైకి లేచింది. చుక్క పడలేదు. పొట్టేలు మెడ కౌగిలించుకుని పకపకా నవ్వింది. నవ్వినా ఏమీ కాలేదు. తల తిప్పి చూస్తే గేటు దగ్గర ఇండి నిలబడి ఉంది.

"మోకాలు బాగుందే" అంది ఇండి. అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తరవాత వారమంతా ఆ పిల్ల ఇంట్లో అవును, కాదు తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. శుక్రవారం క్లబ్బు కార్యదర్శి బ్రాన్‌కు ఫోను చేసి, ఇండి పక్కూరి డన్‌బ్రూక్ జట్టుకి మారతానని అడుగుతోంది, మీకు తెలుసా అంది. డన్‌బ్రూక్. గుల్వారాలో పుట్టిన పిల్ల డన్‌బ్రూక్‌కి ఆడటమంటే ఏమిటో మీకు చెప్పినా అర్థం కాదు. గ్లెనిస్ డన్‌బ్రూక్ బేకరీలో రొట్టె కూడా కొనదు.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక ముగ్గురూ ఒకే కారులో ఇంటికి బయల్దేరారు. ఇండికి ఇంకా నేర్చుకునేవాళ్ళ లైసెన్సే గనక అలవాటుకోసం అది నడుపుతోంది, తోడుగా బ్రాన్ పక్కన కూర్చుంది, వెనకసీట్లో గ్లెనిస్. అటూ ఇటూ కోసిన గోధుమ చేలు. ఇండి రోడ్డు తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ పిల్ల తనకు దక్కదని బ్రాన్‌కు తెలిసిపోయింది.

"ఇండీ, నాకు మోకాలి నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. ఎగిరితే నాకు మూత్రం ఆగదు. ఫైనల్లో అందరిముందూ పోసుకున్నాను. అందుకే మానేశాను."

కారు ఆగిపోయింది. ఇండి బ్రేకుమీద కాలు తియ్యలేదు. వెనక గ్లెనిస్ చేతిలో, ఆడేవాళ్ళకు కోసిపెట్టగా మిగిలిన నారింజల బుట్ట ఒరిగి పళ్ళు సీటు కిందికి దొర్లాయి.

"అంతేనా?" అంది ఇండి.

"అంతేనా ఏమిటే?"

"నేను సరిగ్గా ఆడననుకున్నానమ్మా. నా పక్కన ఆడటం నీకు నామోషీ అనుకున్నా. అందరూ నువ్వెంత బాగా ఆడతావో చెప్తుంటారు. నన్ను తప్పించుకోడానికి కుంటుతున్నావనుకున్నా." ఆ పిల్ల స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేసింది. ఏడుస్తూనే, "మూత్రమా? మూత్రానికా డన్‌బ్రూక్ పోయేదాన్ని?" అంది.

బ్రాన్ ఆ తల నిమురుతూ ఎలెని గురించి, తెర గురించి, చర్చి గురించి చెప్పింది. ఇండి ఏడుపు సగంలోనే నవ్వయింది. ఇద్దరూ నవ్వుతుంటే వెనకనుంచి గ్లెనిస్ గొంతు వినిపించింది.

"నాదీ మోకాలు కాదు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గ్లెనిస్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడ గుల్వారాలో అందరికంటే గట్టి మనిషి, తన పెద్ద ఆపరేషను సంగతి కూడా కూతురికి అయిపోయాకే చెప్పిన మనిషి.

గ్లెనిస్ ఆట మానేసిన ఏడు బ్రాన్‌కు బాగా గుర్తుంది. తనకు పదిహేడు. తనకు పెద్దల జట్టులో చోటు వచ్చిన ఏడు. అమ్మ పక్కన ఆడతానని తనూ ఊరంతా చెప్పుకుంది. మొదటి మ్యాచ్‌కి అమ్మ కోర్టులోకి దిగలేదు, గట్టుమీద కూర్చుని నారింజలు కోసింది. నేను ఆవిడ సాటి కాననుకుందేమో అని బ్రాన్ ఆ సీజనంతా లోలోపల కుమిలింది. తరవాత ఆ సంగతి మర్చిపోయాననుకుంది. మర్చిపోలేదు.

"నాకు చెప్పాల్సిందమ్మా" అంది.

"ఎవరు చెప్పుకునేవాళ్ళే ఆ రోజుల్లో?" అంది గ్లెనిస్. తరవాత ఇండితో, "కారు పోనీ. వెనక లారీ వస్తోంది" అంది.

ఏప్రిల్లో మొదటి శనివారం, పొద్దుటి మంచు ఇంకా ఆరకముందే, గుల్వారా జట్టు డన్‌బ్రూక్‌తో తలపడింది. బ్రాన్ గోల్ కీపరు, ఇండి ఆమె ముందు గోల్ డిఫెన్సు. మొదటి రెండు భాగాలూ ఇండి తల్లికి బంతి కిందుగానే వేసింది, ఎగరక్కర్లేకుండా. బ్రాన్ చూసి చూసి విసిగి, నేనేమన్నా గాజుబొమ్మనా, పైకి వెయ్యవే అని అరిచింది. మూడో భాగంలో ఇండి పైకే వేసింది, ఇంకెవరికీ అందనంత పైకి. బ్రాన్ ఎగిరింది, పట్టింది, దిగింది.

పూర్తిగా తగ్గిపోయిందా అంటే లేదు. నాలుగో భాగంలో ఒక డన్‌బ్రూక్ అమ్మాయి గుద్దుకుని బ్రాన్ కిందపడ్డప్పుడు కొంచెం కారింది. ఇండి చెయ్యి అందించి లేపింది.

"ఏమైనా అయిందా?"

"ఒక చుక్క."

"అయితే అయింది. మనం మూడు గోల్సు ముందున్నాం. పద."

బ్రాన్ నవ్వుతూ తన స్థానానికి పరిగెత్తింది. ఎందుకైనా మంచిదని ఎటూ చూసుకోలేదు.

ఆట అయిపోయాక చూస్తే గ్లెనిస్ గట్టుమీది బెంచీపై కూర్చుని ఏడుస్తోంది. దాచుకోవడం లేదు, రుమాలు కూడా తియ్యలేదు. పక్కవాళ్ళు కంగారుపడి టీ తెచ్చిపెట్టారు. బ్రాన్ చెమటతో వచ్చి పక్కన కూలబడి, గెలిచాం కదమ్మా, ఏడుపెందుకు అంది.

"సంతోషానికే" అంది గ్లెనిస్. కాసేపాగి, "కాస్త అసూయక్కూడా" అంది. "మనిద్దరం కూడా ఇలా ఆడి ఉండేవాళ్ళం, బ్రాన్. నీ పాసులు చాలా బాగుండేవి. ఆ మాటైనా నీకు చెప్పలేదు నేను."

ఇంత వయసొచ్చాక ఆ మాట వినడానికి తనింతగా ఆకలిగొని ఉందని బ్రాన్‌కు అప్పుడే తెలిసింది. చెమట, బురద చూసుకోకుండా తల్లి భుజంమీద వాలింది. గ్లెనిస్ ఎప్పట్లా పక్కకు జరగలేదు. కూతురి తల మీద చెయ్యి వేసి, ఆ ఎలెని డెబ్భై దాటినవాళ్ళను కూడా చూస్తుందా అని అడిగింది, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించేంత గట్టిగానే.